ఆగని చేతుల గౌరి నోము

అక్షతలు గుప్పిట పట్టుకొని వినుడు. కథ అయ్యేదాకా గుప్పిట విప్పరాదు.

సువ్రతుడను ముని వేదగర్భుడను వృద్ధ మునికి మ్రొక్కి, "స్వామీ, ఆగిన గుండెను మరల నడిపించు నోము ఏదైనా కలదా?" అని అడిగెను. అందుకు వేదగర్భుడు ఇట్లు చెప్పెను.

కలియుగమున గోదావరి లంకలలో చింతలంక అను ఊరు కలదు. అచ్చట సత్యవేణి అను ఇల్లాలు, కొబ్బరికాయలు ఒలుచు భర్త భీమశంకరముతోను, అత్తమామలతోను, చంటిబిడ్డతోను ఉండెను. ఆ ఊరి నర్సు రూతమ్మ ఆడవారిని పిలిచి ఒక నోము పట్టించెను. శుక్రవారము శుక్రవారము గౌరికి దీపము పెట్టి, దిండును నేలపై పరచి, అదే మనిషి రొమ్ము అనుకొని, నట్టనడుమ అరచేతిపై అరచేయి ఉంచి, మోచేతులు వంచక, ముప్పది ముప్పదిగా లెక్కపెట్టుచు, నిమిషమునకు నూరు పైచిలుకు గట్టిగా నొక్కవలెను. "మధ్యలో చెయ్యి తియ్యకూడదమ్మా, అదే నోము" అని ఆమె చెప్పెను.

సత్యవేణి రెండు వారములు చేసెను. పొరుగువారు చూచి, "దిండుకి ఒళ్లు నొప్పులా వదినా!" అని నవ్విరి. ఆమె సిగ్గుపడి మానెను.

ఒకనాటి ఉదయము మామగారు పెరటిలో కూలిరి. ఊపిరి లేదు. సత్యవేణి గుర్తున్నంత మట్టుకు నొక్కుచుండగా, అత్త మంగతాయారు తులసి తీర్థము తెచ్చి, "ఆపవే, గొంతు తడిస్తే లేస్తారు" అనెను. సత్యవేణి చేతులు తీసెను. తీర్థము పెదవి చివరనుండి జారిపోయెను. ఆయన మరి లేవలేదు.

రూతమ్మ ఎవరినీ నిందింపలేదు. "ఇకనైనా మానకండి" అని మాత్రము చెప్పెను. సత్యవేణి మరల దిండు పరచెను. అత్త తలుపు చాటున నిలిచి చూచుచుండెడిది.

కార్తికమాసమున భీమశంకరము కాయలు ఒలుచుచు ఒలుపు గునపము పక్కనే వెల్లకిల పడెను. పిలిచిన పలుకలేదు, ఊపిరి లేదు. సత్యవేణి, "అత్తయ్యా, నూటెనిమిదికి ఫోన్ కొట్టండి!" అని కేకవేసి నొక్కసాగెను. ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చెను; చెయ్యి తియ్యలేదు. చేరినవారు మూర్ఛ అనుకొని తాళపుచెవులు చేత పెట్టుమనిరి, తీర్థము పొయ్యుమనిరి; చెయ్యి తియ్యలేదు. కొంతసేపటికి భుజములు పీకి బలము తగ్గెను. అప్పుడు మంగతాయారు తీర్థపు చెంబును తులసికోట గట్టుపై పెట్టి, ఎదుట మోకాళ్లపై కూర్చుండి, "జరుగు. తలుపు చాటునుంచి అంతా నేర్చుకున్నానులే. నువ్వు లెక్క చెప్పు" అనెను. అత్త అలసిన కోడలు, కోడలు అలసిన అత్త, బండి వచ్చువరకు నొక్కిరి.

బండివారు కరెంటు దెబ్బ ఇయ్యగా గుండె కొట్టుకొనెను. పట్నపు ఆసుపత్రిలో మరల సోలెను. అంత వైద్యులు నెత్తురును గొట్టమున బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి ఒంటిలోనికి పంపు యంత్రమును పెట్టిరి. "గుండె చచ్చిపోలేదమ్మా, ఆగిపోయిన దెబ్బకి మొద్దుబారింది. దాని పని యంత్రం చేస్తుంది, దాన్ని కాస్త పడుకోనివ్వండి" అనిరి. తొలినాడు తనలోని నెత్తురులో ఐదోవంతే తోడిన గుండె, ఆరవనాటికి యంత్రము లేకయే నిలిచెను.

ఇల్లు చేరిన నెలకు భీమశంకరము, "నాకేంటి, గుండ్రాయిలా ఉన్నాను" అని మాత్రలు మానెను. పది దినములలో పాదములు పొంగెను, నాలుగడుగులకే ఆయాసము వచ్చెను. మంగతాయారు మందుల డబ్బా ముందు పెట్టి, "నీ రొమ్ము నొక్కిన చేతులురా ఇవి, చెంప మీద పడతాయి" అనెను. అతడు మాత్ర మింగెను. అది మొదలు తప్పలేదు. మూడు నెలలకు గుండె సగము నెత్తురును తోడుచున్నదని, మంచి గుండె తోడునదియు అంతకు కొంచెమే ఎక్కువని వైద్యులు సంతోషించిరి.

ఉద్యాపన నాడు మంగతాయారు తులసికోట యొద్దనుండి తీర్థము తెచ్చెను. భీమశంకరము పీటపై కూర్చుండి, చెయ్యి చాచి పట్టుకొని, తానే త్రాగెను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొనెను.

కావున సువ్రతా, ఈ నోమును కొత్త కోడళ్లు, ముసలి అత్తలు, బిడ్డతల్లులు, మగవారును పట్టవచ్చును. చదువు లేకున్నను, ముప్పది వరకు లెక్క వచ్చిన చాలును. నోచిన ప్రతి ఇంట ప్రాణము దక్కునని చెప్పరాదు. దక్కు దారి మాత్రము తెరచియుండును. పసుపుకుంకుమలు నిలుచును, బిడ్డలు తండ్రి భుజమెక్కుదురు, అత్తాకోడళ్లు ఒక్క మాటగా నుందురు.

ఇక గుప్పిట విప్పి అక్షతలు గౌరిపై కొన్ని, మీ తలపై కొన్ని వేసుకొనుడు. చెప్పుటలో మాట తప్పిన అమ్మ మన్నించును. చెయ్యి మాత్రము తప్పరాదు.