ఉండుమల్లయ్య కొండ దిగని కథ

నల్లమల తూర్పు అంచున ఎర్రవాగుకోట అనే చిన్న ఊరు ఉంది. బస్సు అక్కడితో ఆగిపోతుంది. ఊరు దాటి, వాగు దాటి, వెదురు పొదల మధ్య గంటన్నర నడిస్తే ఉండుమల్లయ్య కొండకు చేరుకుంటాము. దారి దూరమేమీ కాదు, అలాగని సులువూ కాదు. చివరలో నిలువుగా లేచిన నున్నటి బండ ఒకటి ఉంది. దానిని పాకుడుబండ అంటారు. పాచి పట్టినందువల్ల వచ్చిన పేరు కాదది. పాకి ఎక్కాలి కాబట్టి వచ్చింది. బండ పైన ఒకదానిపై ఒకటి ఒరిగిన రెండు గుండ్ల కింద స్వామి వెలసి ఉన్నాడు. మోకాలెత్తు స్వయంభూలింగం. తూర్పుకు నాలుగు వేళ్ల మేర వంగి ఉంటుంది.

కొత్తగా వచ్చిన యాత్రికులకు వాగు ఒడ్డునే ఒక వింత ఎదురవుతుంది. ఎక్కడైనా భక్తులు దేవుణ్ణి రమ్మని వేడుకుంటారు. ఇక్కడివారు కొండకేసి చూసి, గొంతెత్తి, "ఉండు మల్లయ్యా! మేమే వస్తన్నాం!" అని కేకవేస్తారు. దేవుడికి ఉత్తరువు ఇచ్చినట్టుందే అని కొందరు నొచ్చుకుంటారు. అది ఉత్తరువే. ఎవరు ఇచ్చారో, స్వామి దానికి ఎందుకు లోబడ్డాడో తెలుసుకుని కొండ ఎక్కడం మంచిది.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే మేదరి స్త్రీ ఉండేది. భర్త పోయాక ఒంటరిగా వెదురు నరికి, బుట్టలూ చేటలూ అల్లి బతికేది. వెదురుకని కొండెక్కిన ప్రతిసారీ ఊటలోని నీళ్లు దోసిట పట్టి తెచ్చి మల్లయ్యకు పోసేది. మంత్రం రాదు. బుట్ట ఎన్ని బద్దల అల్లికో, వేలు ఎక్కడ కోసుకుందో చెప్పుకునేది. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

ఆ కాలంలో ఎర్రవాగుకోటను తిమ్మప్ప నాయుడు అనే పాలెగాడు ఏలుతున్నాడు. అతని తల్లి చెన్నమాంబ కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒక్కసారి కొండెక్కి స్వామిని చూసింది. వయసు మీదపడ్డాక ఎక్కలేక, మేడ మీద కూర్చుని కొండను చూస్తూ కన్నీళ్లు పెట్టుకునేది. కొడుకు అది చూడలేకపోయాడు. స్వామినే కిందికి దింపాలని సంకల్పించాడు. కోట పక్కన గుడి కట్టించాడు, చుట్టూ రెండు నిలువుల గోడ లేపాడు, ఇత్తడి బొడిపెల తలుపులు పెట్టించాడు. తరువాత మండలం రోజులు ఉపవాసం చేశాడు. అతని భక్తి నిజమైనదే.

నలభైయవ రోజున స్వామి కలలో కనిపించాడు. "నాకు దోసిటితో నీళ్లు పోసే మేదరి మనిషి ఒకతె ఉంది. ఆమె నోటితో రమ్మంటే దిగి వస్తాను" అన్నాడు.

మరునాడు పాలెగాడే ఓబులక్క గుడిసెకు వచ్చాడు. అంతకుముందు ఏ పాలెగాడూ ఆ వైపు అడుగు పెట్టలేదు.

"ఓబులక్కా, స్వామిని రమ్మని ఒక్క మాట పిలువు. నీకు కొండెక్కే బాధ తప్పుతుంది" అన్నాడు.

"పిలుస్తాలే దొరా. కొత్తగుడిలో నేను యాడ నిలబడాల?"

నాయుడు ఆమెను గుడి పక్కకు తీసుకుపోయి ప్రహరీ గోడలో జానెడు కన్నం చూపించాడు. మేదర్లకూ, చెప్పులు కుట్టేవారికీ, బట్టలుతికేవారికీ దాన్ని ప్రత్యేకంగా పెట్టించానని చెప్పాడు. ఓబులక్క వంగి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ధ్వజస్తంభం మొదలు కనపడతాంది దొరా. సామి ఉండే చోటు కనపడ్ల్యా."

"స్వామి లోపల ఉంటాడని నీకు తెలుసు కదా. అది చాలదా?"

ఓబులక్క కన్నం దగ్గర నుంచి లేచింది. కత్తి భుజాన వేసుకుని కొండెక్కింది. మధ్యాహ్నపు ఎండకు వెదురు నీడన నడుము వాల్చగానే కునుకు పట్టింది. కలలో మల్లయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు పిలవలేదు ఓబులక్కా? నీ మోకాళ్లు అరిగిపోయాయి. ఆ పెద్దామె ఎక్కలేక ఏడుస్తోంది. నేను దిగితే ఇద్దరికీ సుఖం కదా."

"ఆమెకు సుఖం సామీ. నాకు గోడ."

"గోడకు కన్నం పెట్టించాడు కదా."

"నువ్వు చూసినావా ఆ కన్నంలోంచి?"

స్వామి కిందనున్న కోటవైపు చూశాడు. ఓబులక్కే అందుకుంది. "ఈడ నీకు గోడ ల్యా, తలుపు ల్యా. నేనొచ్చినా, దొరొచ్చినా ఒకే బండమీద కూచుంటాం. దిగినావంటే నిన్ను లోపల పెట్టి తాళమేస్తారు. ఆ తాళం నాకు కాదు సామీ, నీకు. నేను పిలవను. నా మోకాళ్లు నావి. అరిగితే పాకతా."

"అతనికి మాట ఇచ్చాను."

"నేను పిలిస్తే దిగుతానని కదా ఇచ్చినావు? నేను పిలవల్యా. నీ మాట యాడికీ పోల్యా."

కార్తీకమాసం కడపటి సోమవారం పాలెగాడు డప్పులతో, బోయీలు మోసే పల్లకితో బయలుదేరాడు. తల్లిని వాగు ఒడ్డున ఉంచి, భటుల చేత ఓబులక్కను గుండ్ల ముందుకు ఈడ్పించాడు. "రా అను. అది ఒక్కటే మాట" అన్నాడు.

ఆమె పెదవి విప్పలేదు. డప్పులు మోగాయి. కింద వాగు దగ్గర చెన్నమాంబ చేతులెత్తి ఏడుస్తూ "మల్లయ్యా!" అని పిలిచింది. స్వామి మనసు కరిగింది. లింగం కదిలింది. తూర్పుకు ఒక వేలు, రెండు వేళ్లు, నాలుగు వేళ్లు ఒరిగింది. జనం హరహర అన్నారు.

అప్పుడు ఓబులక్క భటుల చేతులు విదిలించుకుని లింగానికి ఎదురుగా నిలబడింది. "ఉండు మల్లయ్యా! కదలొద్దు! మేమే వస్తాం!" అని అరిచింది. ఆ కేక ఎర్రవాగుకోట దాకా వినిపించిందని చెబుతారు.

లింగం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నాయుడు గడ్డపారలు వేయించాడు. గడ్డపారలు వంగాయి గాని లింగం ఊగలేదు. అవమానంతో కళ్లు మూసుకుపోయిన పాలెగాడు బల్లెపు కర్ర తీసుకుని ఓబులక్క కుడి మోకాలు విరగ్గొట్టాడు. "మేమే వస్తామన్నావుగా! ఎట్లా వస్తావో రా" అన్నాడు. ఆమెను మోయించి తెచ్చి వాగుకు ఊరివైపు ఒడ్డున పడేసి, దారికి కావలి పెట్టించాడు.

తరువాతి సోమవారం తెల్లవారేసరికి ఓబులక్క వాగు ఒడ్డున ఉంది. కూర్చునే, రెండు అరచేతులు నేలకు ఆనించి, విరిగిన కాలు ఈడ్చుకుంటూ ముందుకు జరుగుతోంది. ఆమె వాడవాళ్లు వెనక నడుస్తున్నారు. కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు. పాలెగాడు గుర్రమెక్కి వచ్చాడు. అప్పుడే కోటవైపు నుంచి చెన్నమాంబ పల్లకి వచ్చి ఆగింది. ఆమె దిగి, చెప్పులు విడిచి, ఓబులక్క వెనక నిలబడింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కొడుకు.

"ఆమె యెనకాల."

"నీ వల్ల కాదమ్మా."

"కాలిరిగిన మనిషి పోతాంది. నాకు యిరగల్యా గదా నాయనా."

"నీ కోసమే గదా స్వామిని దింపుదామనుకున్నాను!"

"నా కోసమని నలుగురి సామిని ఎత్తకరమ్మని నీకెవరు చెప్పినారు? ఈటెలు తియ్యమను. ల్యాకుంటే మొదట నన్ను పొడవమను."

ఈటెలు పక్కకు తొలిగాయి.

పాకుడుబండ దగ్గర ఓబులక్క అరచేతులు చిట్లి నెత్తురు కారింది. చెన్నమాంబ తన పైట చింపి ఆ చేతులకు చుట్టింది, కానీ ఆమెను దాటి ముందుకు పోలేదు. వెనక ఉన్న పడుచువాళ్లూ దాటలేదు. ఆమె ఆగినచోట అందరూ ఆగారు. గంటన్నర దారికి పగలంతా పట్టింది. పొద్దు గుంకే వేళకు ఇద్దరు స్త్రీలు ఒకే దోసిటిలో నీళ్లు పట్టి స్వామికి పోశారు. నాయుడు కూడా చివరికి వెనకాలే పాకి ఎక్కాడని కొందరు, వాగు దగ్గరే నిలబడిపోయాడని కొందరు చెబుతారు. ఈ కథ రాసినవానికి రెండోదే నమ్మబుద్ధి అవుతుంది.

ఓబులక్క కాలు బాగుపడలేదు. ఆపైన పదకొండేళ్లు బతికి, ఒక్క సోమవారమూ తప్పకుండా అలాగే కొండెక్కింది. కింద కట్టిన గుడిలో ఏ దేవుడూ నిలవలేదు. దాని గోడలు ఇప్పుడు మేకల దొడ్డి.

నేటికీ ఈ కొండకు బృందంగా వచ్చినవారు తమలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందుంచి నడుస్తారు. ఆ మనిషిని దాటకూడదు, తొందరపెట్టకూడదు. పాకుడుబండను పహిల్వానైనా కూర్చునే ఎక్కాలి. పైన పూజారి మేదరివారే. అయినా అభిషేకం ఎవరి దోసిటితో వారే చేసుకోవాలి. కొన్నేళ్ల కిందట పట్నం నుంచి ఒక దాత వచ్చి, స్వామికి రక్షణ ఉండాలని టేకు తలుపులు చేయించి పంపాడు. ఊరివారు వాటిని మర్యాదగానే దింపుకున్నారు. కొండకు చేర్చకుండా వాగు ఒడ్డున నాలుగు రాళ్ల మీద అడ్డంగా పరిచారు. యాత్రికులు ఇప్పుడు వాటి మీద కూర్చునే సద్దిమూటలు విప్పుకుంటారు.

ఈ స్వామిని దర్శిస్తే సంతానమూ సంపదా కలుగుతాయని పెద్దలు చెప్పలేదు. వారు చెప్పిన ఫలం ఒక్కటే. ఏ గుమ్మం ముందైనా ఆగిపొమ్మనిపించుకున్న మనిషి, ఇక్కడికి వచ్చి స్వామి పక్కన బండమీద ఒక పూట కూర్చుని వెళితే, మళ్లీ ఆ గుమ్మం ముందు తల దించుకుని నిలబడడు.