మంగాయి లెక్కలో లేని అయిదు రాళ్లు

ఎండలు ముదిరేసరికి గవ్వలవాగు ఎండిపోయి, దాని నడుమ ఒక్క మడుగు మాత్రం మిగులుతుంది. చుట్టూ ఆమడ దూరంలో మరెక్కడా చుక్క నీరుండదు. అడవి దున్నలైనా, దుప్పులైనా, పందులైనా, కుందేళ్లైనా దాహమేస్తే అక్కడికే రావాలి. ఆ సంగతి చిరుతపులికీ తెలుసు. నీళ్ల కోసం వంగిన మెడను పట్టుకోవడం కన్నా సులువైన వేట ఇంకేముంటుంది?

అందుకని మూడేళ్ల కిందట జంతువులన్నీ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మడుగు పక్కన గులకరాళ్ల దిబ్బ ఉంది. తీతువు పిట్టలకు చెట్టు మీద గూడు కట్టే అలవాటు లేదు. ఆ రాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. డెక్కలున్నవాళ్లెవరూ ఆ దిబ్బ తొక్కకూడదు, గుడ్ల దొంగలెవరూ అటు తొంగి చూడకూడదు. చూస్తే అడవి దున్న భీమన్న కొమ్ములకు పని చెబుతాడు. బదులుగా తీతువులు మడుగుకు కాపలా కాయాలి. చిరుత జాడ తెలియగానే గొంతు చించుకుని అరవాలి.

ఆ కాపలాకు పెద్ద మంగాయి. పిట్ట చిన్నదే గానీ గొంతు పెద్దది, పట్టుదల ఇంకా పెద్దది. తను అరిచి అందరినీ తప్పించిన ప్రతిసారీ ఒక తెల్లరాయి ఏరి పక్కన పెట్టేది. ఏటా నడివేసవిలో నేరేడు చెట్ల కింద సభ జరుగుతుంది. కాపలా ఉండాలో వద్దో అక్కడే తేలుస్తారు. ఈ ఏడు సభ నాటికి మంగాయి గుడ్లు నాలుగు దిబ్బ మీద ఉన్నాయి. పిల్లలు కావడానికి ఇంకా పది పన్నెండు రోజులు పడుతుంది. ఏర్పాటు రద్దయిందా, ఆ నాలుగూ ఒక్కపూటలో డెక్కల కింద పచ్చడే.

అందుకే మంగాయి బాగా సిద్ధపడి వచ్చింది. తెల్లరాళ్లన్నీ కుప్ప పోసి, ఒక్కొక్కటే ముక్కుతో పక్కకు నెడుతూ మొదలుపెట్టింది.

"ముందు ఈ ఏటివి. చైత్ర శుద్ధ విదియ, పొద్దు బారెడెక్కాక, తూర్పు గట్టు, చిరుత ఒకటి. చైత్ర శుద్ధ పంచమి, పడమటి గట్టు, చిరుత ఒకటి. చైత్ర బహుళ తదియ..."

ఇరవయ్యో రాయి దగ్గర భీమన్న కళ్లు మూతలు పడ్డాయి. ముప్పయ్యో రాయికి అడవిపంది గంగరాజు గురక అందుకున్నాడు. యాభయ్యో రాయి వచ్చేసరికి కుందేలు పిల్లలు కుప్పలోంచి రాళ్లు తీసి ఆడుకుంటున్నాయి.

"మొత్తం అరవై రెండు!" అని మంగాయి ఛాతీ విరుచుకుంది.

చివరికి దుప్పి లచ్చి మెడ చాపింది. పోయిన వేసవిలో దాని కూనను ఈ మడుగు దగ్గరే చిరుత ఎత్తుకుపోయింది.

"మంగాయీ, ఇందులో నా కూన రాయి ఏదమ్మా?"

మంగాయి తెల్లరాళ్లను ముక్కుతో అటూ ఇటూ జరిపింది. పులి వచ్చినా తను అరవలేకపోయిన రోజులు అయిదున్నాయి. ఆ అయిదు రోజులకూ నల్లరాళ్లు అయిదు పెట్టింది. వాటిని సభకు తేకుండా దిబ్బ చివర రేగుపొద కింద కప్పెట్టి వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని దాని భయం.

"అది... అది వేరే లెక్క వదినా" అని నసిగింది.

ఆ నసుగుడు కోసమే కాచుకున్నట్టు నక్క పానకాలు లేచాడు. ఎవరింట చావైనా, పెళ్లైనా భోజనాల వేళకు తప్పకుండా హాజరయ్యే రకం.

"పెద్దలకు దండాలు. నాకు లెక్కలు రావు. ఈ అమ్మాయి లెక్కే తిరిగి అడుగుతా. మంగాయీ, నువ్వు ఎన్నిసార్లు కూశావు?"

"అరవై రెండు."

"చిరుత ఎన్నిసార్లు వచ్చింది?"

"అరవై రెండు."

"ఇన్నారుగా!" అంటూ పానకాలు చుట్టూ తిరిగి చూశాడు. "కూసిన ప్రతిసారీ వచ్చింది. ఒక్కసారన్నా తప్పలా. తీతువు కూస్తే చావని మన తాతలన్నారు. వాళ్లేమన్నా వెర్రోళ్లా? నిప్పు లేందే పొగొస్తదా? ఈవిడ కూతే పులికి పిలుపు. ఈ గొంతు మూయించి, ఆ దిబ్బ ఖాళీ చేయించండి. పులి బెడద దానంతటదే పోద్ది."

నిద్రపోతున్నవాళ్లందరూ లేచి కూర్చున్నారు. రాళ్ల లెక్క ఎవరికీ ఎక్కలేదు గానీ, నక్క మాట సూటిగా ఎక్కింది. "నిజమే గదా", "నాకెప్పుడో అనుమానమే" అని గుసగుసలు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

భీమన్న తల గోక్కున్నాడు. "రేపు ఇదే వేళకు తేలుద్దాం. మంగాయీ, చెప్పుకునేది ఏమన్నా ఉంటే రేపు చెప్పుకో" అని లేచిపోయాడు.

మంగాయి దిబ్బకు చేరింది. మొగుడు గుడ్ల మీద కూర్చుని ఉన్నాడు. దానికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. మూడేళ్లుగా కంటి మీద కునుకు లేకుండా కాస్తే దక్కిన మర్యాద ఇదా అని ఒకటే రుసరుస.

సాయంత్రం కుందేలు సుబ్బులు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని దెబ్బలాటకు వచ్చింది.

"మంగాయక్కా, నీకో దండం. నీ కూత ఇంటే మా చంటోడికి జొరం వస్తా ఉంది. ఉగాది ఎళ్లిన నాలుగోనాడు ఎట్టా అరిచావో గుర్తుందా? వాడు నీళ్లలో మూతి పెట్టాడో లేదో, గావుకేక! ఎగిరి నా పొట్ట కింద దూరాడు. పరిగెత్తీ పరిగెత్తీ నా కాళ్లు పడిపోయినై."

ఉగాది వెళ్లిన నాలుగోనాడు. చైత్ర శుద్ధ పంచమి, పడమటి గట్టు. రెండో రాయి. మంగాయికి వెంటనే గుర్తొచ్చింది.

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"బోడిబండ పక్కన."

"బండ ఎనకాల ఏముంది?"

"ఏముంటది, జమ్ముగడ్డి."

"ఆ గడ్డిలో చిరుత పొట్ట నేలకానించి కూచోనుంది సుబ్బులూ. తోక కొస ఒక్కటే కదిలింది. అది చూసి అరిచా. మీవాడికీ దానికీ మధ్య నీ రెండు గంతులంత చోటు గూడా లేదు."

సుబ్బులు చెవులు రెండూ వాలిపోయాయి. పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని, వాడి తల నాకింది. ఆ పైన కోప్పడింది.

"మరి ఈ మాట సభలో చెప్పి చావవేం?"

"చెప్పా గదా. చైత్ర శుద్ధ పంచమి, పడమటి గట్టు, చిరుత ఒకటి అని."

"అది మావోడని నాకెట్టా తెలుస్తది తల్లీ! పంచాంగం చదివినట్టు చదివావు. పులి ఎక్కడుందో చెప్పావు గానీ, మేమెక్కడున్నామో చెప్పావా? లచ్చక్క తన కూన ఏదంటే నీళ్లు నమిలావు. ఇంకెవరు నమ్ముతారు నిన్ను?"

సుబ్బులు వెళ్లిపోయాక మంగాయి ఆ మాటే నెమరేసుకుంది. అరవై రెండు రాళ్లను తను అరిచిన అరుపులుగానే లెక్కపెట్టుకుంది తప్ప, బతికినవాళ్లుగా ఎప్పుడూ చూడలేదు. ఇక లచ్చి అడిగిన మాట తలచుకుంటే సిగ్గుతో తల వంగిపోయింది. నల్లరాళ్లు కూడా సభలో పెట్టాల్సిందే, కాళ్ల మీద పడితే పడనీ అనుకుంది.

తెల్లారి రేగుపొద కింద తవ్వి చూస్తే నల్లరాళ్లు లేవు. మట్టిలో నక్క అడుగులున్నాయి.

రాళ్లు పోతే నోరు పోయిందా అనుకుని మంగాయి సభకు బయల్దేరింది.

ఈసారి కుప్ప పోయలేదు. ఒక తెల్లరాయి ముక్కున పట్టుకుని తిన్నగా సుబ్బులు పిల్లవాడి ముందు పెట్టింది.

"ఇది నువ్వురా అబ్బాయ్" అని, జమ్ముగడ్డిలో కదిలిన తోక సంగతి చెప్పింది. పిల్లవాడు ఆ రాయిని వాసన చూశాడు. మంగాయి ఇంకో రాయి తెచ్చి గంగరాజు ముందు పెట్టింది.

"గంగరాజు మావా, పోయినేడు వైశాఖంలో దక్షిణపు రేవు బురదలో పొర్లుతున్నావు. కళ్ల నిండా బురద."

"అవునవును! నువ్వు గోల గోల చేస్తే తిట్టుకుంటా లేచిపోయా. ఆ రోజు..."

"నీ ఎనక గట్టు మీద దూకడానికి సిద్ధంగా ఉంది."

గంగరాజు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "తిట్టినందుకు ఏమనుకోమాక పిల్లా" అన్నాడు మెల్లిగా.

అలా ఒక్కో రాయీ దాని తాలూకు వాళ్ల దగ్గరికి చేరుతుంటే, మిగతావాళ్లు తామే లేచి వచ్చి అడగడం మొదలుపెట్టారు. "మా ఇంటిది ఏదమ్మా?" "ఆ గాలివాన రోజు మేము గూడా ఉన్నాం, చూడు!" నిన్న గురకపెట్టిన సభే ఇవాళ సంతలా ఉంది. రాళ్లు అయిపోయేసరికి రాయి లేని గుంపు ఒక్కటీ లేదు. లచ్చి ముందర మాత్రం ఖాళీగా ఉంది.

మంగాయి దాని ముందు నిలబడింది. "లచ్చి వదినా, ఇంకా అయిదున్నై. అయ్యి..."

"అయ్యి నా దగ్గరున్నై!" అంటూ పానకాలు ఎగిరి మధ్యలోకి దూకి, నల్లరాళ్లు అయిదూ టపటపా నేల మీద రాల్చాడు. సభ తనవైపు నుంచి జారిపోతోందన్న తొందర అతని మొహంలో కనపడుతూనే ఉంది. "చూడండి దీని భాగోతం! అయిదు చావులు మట్టిలో పూడ్చిపెట్టింది!"

సభ గొల్లుమంది. మంగాయి రెక్కలు ముడుచుకుని అక్కడే నిలబడింది.

"దాచిన మాట నిజమే. తప్పు నాదే, తిట్టండి, పడతా. పానకాలు బావా, నేను చెప్పాల్సింది నువ్వే తెచ్చావు. ఆ అయిదు రోజులేవో నువ్వే చెప్పు."

"చెప్పకేం! అయిదూ నాకు బాగా గుర్తున్నై" అన్నాడు పానకాలు. గుర్తుండవా మరి, పులి వదిలేసిన ఎముకలు నాకింది అతనే. "పోయినేడు లచ్చి కూన. అంతకు ముందేడు గంగరాజు తమ్ముడు. ఆ తరవాత ముసలి కుందేలు, నెమలి, మొన్న చైత్రంలో ఇంకో దుప్పి. అయిదూ నీ పుణ్యమే!"

"ఆ రోజుల్లో నేను కూశానా బావా?"

"ఎక్కడ కూశావు! అదేగా నీ తప్పు!"

"ఒక్క కూతన్నా కూయలా?"

"ఒక్కటంటే ఒక్కటి కూయలా! ఒట్టేసి చెబుతా! నోరు మూసుకుని కూచున్నావు. పులి తాపీగా వచ్చి పట్టుకుపోయింది!"

"నేను కూయకపోతే మరి పులినెవరు పిలిచారు బావా?"

పానకాలు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

ముందుగా నవ్వింది సుబ్బులు. "కాకి వాలిందని తాటిపండు పడిందంటా ఉన్నాడు మావ! కాకి లేని రోజు గూడా పడిందని ఇప్పుడు తనే ఒట్టేశాడు!"

సభంతా పగలబడి నవ్వింది. భీమన్న మాత్రం నవ్వలేదు. ఆలోచించి ఆలోచించి తల ఊపాడు. "కూసిన అరవై రెండుసార్లూ ఒక్కరూ పోలా. కూయని అయిదుసార్లూ ఒక్కొక్కరు పోయారు. ఇంత చిన్న మాట నిన్ననే చెబితే ఏం పోయింది మంగాయీ?"

"సిగ్గేసింది తాతా. ఇప్పుడు మొత్తం చెబుతా." మంగాయి నల్లరాళ్లు అయిదూ ఒక్కచోటికి చేర్చింది. "ఈ అయిదూ ఒకటే వేళ. మిట్ట మధ్యాహ్నం. ఆ వేళకు రాళ్లు పెనంలా కాలతై. గుడ్లు ఉడికిపోకుండా నేను పోయి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటి మీద కూచుంటా. ఆ వేళ మా తీతువులన్నిటికీ ఇదే పని, గట్టు మీద కన్ను ఉండదు. పులి అది కనిపెట్టింది. ఆ ఒక్కపూట నాకు తోడు కావాలి."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మండుటెండలో గట్టు మీద నిలబడడానికి ఎవరికి సరదా?

లచ్చి లేచింది. అయిదు నల్లరాళ్లలోంచి ఒకటి మూతితో తన దగ్గరికి జరుపుకుంది. అది తన కూనదేనా అని కూడా అడగలేదు. కళ్ల నిండా నీళ్లు.

"మధ్యాహ్నం నేను నిలబడతా" అంది. "నా బిడ్డ ఎట్టా పోయిందో ఏడాది నుంచి ఒక్కళ్లు చెప్పలా నాకు. చెడ్డ కబురే అయినా నువ్వు చెప్పావు. ఇంకో తల్లికి ఈ కడుపుకోత వద్దు."

మంగాయి దాని కాళ్ల దగ్గరికి వెళ్లి తల వంచింది.

"కాపలా ఉంటది, దిబ్బ ఉంటది" అని భీమన్న తీర్పు చెప్పి, పానకాలు వైపు తిరిగాడు. "ఇంతకీ నువ్వు దిబ్బ దగ్గరికి ఎందుకు పోయావు?"

"అమ్మమ్మా, నేను ఆ గుడ్ల వంక కన్నెత్తి గూడా చూడలా!"

"గుడ్ల మాట ఎవరెత్తారురా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. భీమన్న కొమ్ములు దించేలోగా పానకాలు పొదల్లో పడ్డాడు.

పది రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం దిబ్బ మీద మూడు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. నాలుగోది లోపల్నుంచి టిక్కుటిక్కుమంటోంది. మంగాయి పొట్ట తడుపుకోవడానికి మడుగులో దిగింది. గట్టు మీద లచ్చి చెవులు రిక్కించి నిలబడింది. ఉన్నట్టుండి దాని ముందుకాలు నేలను తన్నింది, గొంతులోంచి కేక లేచింది. ఆ కేక అందుకుని మంగాయి ఆకాశానికి ఎగిరి గొంతు చించుకుంది. చిరుత ఇంకా అవతలి గట్టు పొదల్లోనే ఉంది. మడుగు చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరు కూడా 'ఎందుకు' అని అడగలేదు. తలెత్తి ఎటువాళ్లు అటు పరుగు. పులి వచ్చేసరికి అక్కడ చెదిరిన నీళ్లు తప్ప ఏమీ లేవు.

పరిగెత్తేవాళ్లందరికీ పది బారల ముందు, తోక కాళ్ల మధ్య ఇరికించుకుని దౌడు తీస్తున్నది పానకాలు. దొంగచాటుగా నీళ్లు తాగడానికి వచ్చాడు కాబోలు.

"పానకాలు మావోయ్!" అని వెనకనుంచి సుబ్బులు కేకేసింది. "తీతువు కూసింది, శకునం బాగలా! కాసేపు కూచోని మంచినీళ్లు తాగి బయల్దేరరాదూ?"

పానకాలు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

నీతి: పోయినవాళ్లనూ కలిపి లెక్క చెప్పినప్పుడే, ఉన్నవాళ్లు ఆ లెక్కను నమ్ముతారు.