తలుపులోని గాజుముక్కలు

గవరయ్య మేస్త్రికి చేతులు పనిలో ఉండగా ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు లేదు. పని అయ్యాక కూడా చాలాసార్లు చెప్పేవాడు కాదు. గాజువాక ఆటోనగర్లో కారు అద్దాలు బిగించే ఆయన షెడ్డులో పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళు పదిమందికి పైనే ఉంటారు. వాళ్ళంతా ఆయన నోట విన్నదాని కంటే ఆయన పక్కన నిలబడి చూసిందే ఎక్కువ. ఎవరైనా పట్టుబట్టి అడిగితే, "అడిగావు కదా, ఉండు. జవాబు దాని దారిన అది వస్తాది" అని మళ్ళీ పనిలోకి వంగేవాడు.

పోలినాయుడు ఆయన దగ్గర చేరి ఎనిమిదేళ్ళయింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, పెళ్ళయినవాడు, మాట తక్కువ. భాద్రపదంలో ఒకనాటి పొద్దున, ఇంకా పని మొదలు కాకముందే, అతను మేస్త్రి ఎదుట నిలబడి అడిగాడు.

"గురూగారూ, నిజం చెప్తే మనిషి కూలిపోతాదని తెలిసినప్పుడు, దాచడం తప్పా?"

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. మూడు నెలల కిందట అతను భార్య వరాలుని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అతన్నొక్కడినే గదిలోకి పిలిచి, మహా అయితే ఏడాది అని చెప్పాడు. పోలినాయుడు మొహం కడుక్కుని, బయట బెంచీ మీద కూర్చున్న భార్య దగ్గరికి వచ్చి, "కడుపులో పుండంట. మాత్రలేసుకుంటే మానిపోద్దంట" అన్నాడు. వరాలు తలూపింది. ఆనాటి నుంచీ ఆవిడ వేళకు మాత్రలు వేసుకుంటోంది. కూతురికి జడ వేసి బడికి పంపుతోంది. అన్నం సహించనిది పోలినాయుడికే.

ఈ సంగతంతా గవరయ్యకు తెలుసు. ఆయన శిష్యుడి మొహంలోకి ఒక్కసారి చూసి, "రాజుగారి కారు వస్తోంది. చోటు ఖాళీ చెయ్యి" అన్నాడు.

ఆ కారు కథ ఊళ్ళో చాలామందికి తెలిసిందే. గోపాలరాజు రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారి. యాభై దాటాక, ముచ్చట పడి, విదేశం నుంచి ఆ కారు తెప్పించుకున్నాడు. ఇద్దరే కూర్చునే బండి. మీట నొక్కితే గుడ్డ కప్పు మడతలు పడి వెనక్కి పోయేది. వైశాఖంలో ఒకరోజు సముద్రం చూపిస్తానని తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని రుషికొండ వైపు బయలుదేరాడు. ఎండగా ఉందని కప్పు మూసే ఉంచాడు. దారిలో ఎవరినో కలవాల్సి వచ్చింది. కారుని చెట్టునీడన ఆపి, "పది నిమిషాల్లో వస్తానమ్మా" అని దిగి, అలవాటు కొద్దీ తాళం మీట నొక్కి వెళ్ళాడు. బయట నుంచి తాళం పడితే ఆ కారు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. అప్పటిదాకా అందులో ఒక మనిషిని వదిలి వెళ్ళవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

పది నిమిషాలు గంటన్నర అయింది. నీడ పక్కకి జరిగిపోయింది. అద్దాలకు నల్లటి ఫిల్ము ఉండడంతో దారిన పోయేవాళ్ళకు లోపలి మనిషి కనపడలేదు. చివరికి కొబ్బరిబోండాలమ్మే ఒకతను అనుమానం వచ్చి, అద్దానికి మొహం ఆనించి చూసి, కత్తి వెనకవైపుతో ఎడమ తలుపు అద్దం పగలగొట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. పెద్దావిడ కునుకు తీస్తూనే పోయిందనీ, బాధ తెలిసి ఉండదనీ డాక్టరు అన్నాడు. చుట్టాలు అదే అన్నారు. ఊరూ అదే అనుకుంది.

కొత్త అద్దం సముద్రం దాటి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్ళూ కారు టార్పాలిన్ కింద పడి ఉంది. అద్దం వేయించి అమ్మేస్తానని రాజు కబురు చేశాడు. ఒక్కటే షరతు పెట్టాడు. తాను వచ్చి కూర్చునేదాకా ఆ తలుపు ఎవరూ విప్పకూడదు.

పది గంటలకు కారుని లారీ మీద తెచ్చి దించారు. వెనకనే ఇంకో కారులో రాజు వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు. టీ ఇస్తే పుచ్చుకున్నాడు కానీ తాగలేదు.

పోలినాయుడు తలుపు లోపలి అట్టను మరలు విప్పి, క్లిప్పులు విరగకుండా ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టాడు. కారు అద్దం పగిలితే పెద్ద పెంకులు కావు. వేలకొద్దీ పలుకులై రాలిపోతుంది. సీటు మీద పడ్డవి ఎవరో ఎప్పుడో దులిపేశారు. తలుపు కడుపులోకి జారినవి మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని ఏరకుండా కొత్త అద్దం దించితే గీతలు పడతాయి. అతను తలుపు అడుగున చెయ్యి పెట్టి, పలుకులు గుప్పిళ్ళతో తీసి పళ్ళెంలో పోయడం మొదలుపెట్టాడు.

మూడో గుప్పిట్లో ఏదో వేరేగా తగిలింది. వంపు తిరిగిన చిన్న ముక్క. చిలకపచ్చ రంగు, మీద బంగారు చుక్క. మళ్ళీ చెయ్యి పెడితే ఇంకొకటి. అలా ఐదు దొరికాయి. అవి చేతి గాజులవి, అద్దం అడుగు సందులోంచి లోపలికి జారినవి.

పోలినాయుడికి అంతా ఒక్కసారే తోచింది. కునుకు తీస్తున్న మనిషి గాజులు పగలవు. ఆవిడ మేలుకునే ఉంది. మేలుకుని, ఎడమచేత్తో అద్దం మీద బాదింది. ఎంతసేపు బాదిందో ఎవరికీ తెలియదు. అరచేతిలో ఆ ముక్కలతో అతను మేస్త్రి వైపు తల తిప్పాడు. గవరయ్య చూశాడు. రాజు కూర్చున్న వైపుకి వీపు పెట్టి నిలబడి, శిష్యుడి చొక్కా జేబు వైపు కళ్ళతోనే సైగ చేశాడు.

పోలినాయుడు ముక్కల్ని జేబులో వేసుకున్నాడు. అతనికి మనసు కాస్త తేలిక పడింది. పొద్దున తాను అడిగినదానికి గురువు మాట లేకుండానే జవాబు చెప్పాడనుకున్నాడు. నిజం చెప్తే కూలిపోయే మనిషికి చెప్పకపోవడమే ధర్మం. గురూగారంతటివాడే దాచమన్నాడు.

అప్పుడే వెనక నుంచి రాజు గొంతు వినిపించింది. "లోపల ఏమైనా ఉన్నాయా మేస్త్రిగారూ?"

"గాజుముక్కలే బాబూ" అన్నాడు గవరయ్య.

రాజు ఇంకేమీ అడగలేదు.

తరవాత పని చాలాసేపు పట్టింది. మామూలు కార్లలో అద్దానికి చుట్టూ చట్రం ఉంటుంది. ఈ కారు తలుపుకి అది లేదు. తలుపు తీయగానే అద్దం వేలెడు కిందికి దిగాలి. వేయగానే పైకి లేచి కప్పు అంచు రబ్బరుకి ఆనాలి. గట్టిగా ఆనితే పగులుతుంది, ఆనకపోతే వాన లోపలికొస్తుంది. గవరయ్య బోల్టులు పావు మర బిగించి, పావు మర వదులు చేసి, వార్తాపత్రిక చీలికను అద్దానికీ రబ్బరుకీ మధ్య పెట్టి లాగి, ఎక్కడ పట్టుగా వస్తోందో ఎక్కడ జారుతోందో వేళ్ళతో చూసుకుంటూ తిరిగాడు. ఆ పనిలో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ ఊళ్ళో లేడు. అయినా ఆవేళ రెండుసార్లు ఒకే బోల్టు దగ్గర తప్పాడు. పోలినాయుడు అది గమనించాడు. కారణం అతనికి అర్థం కాలేదు.

మూడింటికి పని పూర్తయింది. పైపుతో నీళ్ళు కొట్టి చూస్తే లోపలికి చుక్క రాలేదు. "ఒకసారి చూసుకోండి బాబూ" అన్నాడు గవరయ్య.

రాజు లేచి వచ్చాడు. స్టీరింగు వైపు వెళ్ళలేదు. ఎడమ వైపు, తల్లి కూర్చున్న చోట కూర్చుని తలుపు వేసుకున్నాడు. అద్దం పైకి లేచి రబ్బరుకి ఆనింది. ఆయన చెయ్యెత్తి అరచేతిని అద్దానికి ఆనించి అలాగే ఉంచాడు. బయటి చప్పుడు లోపలికి వినబడదు, లోపలిది బయటికి రాదు. కొంతసేపటికి పోలినాయుడు ఆగలేక ముందుకు అడుగు వేశాడు. అంతలో రాజే తలుపు తీశాడు. కారు దిగకుండానే, తల తిప్పకుండానే అడిగాడు.

"ఆ గాజుముక్కలు చిలకపచ్చవేనా?"

గవరయ్య చేతిలోని గుడ్డను మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"అవును బాబూ" అన్నాడు.

"అమ్మకి స్నానం చేయించేటప్పుడు చేతులు నేనే పట్టుకున్నాను" అన్నాడు రాజు. గొంతు మామూలుగానే ఉంది. "కుడిచేతికి గాజులన్నీ ఉన్నాయి. ఎడమచేతికి ఒక్కటీ లేదు. మణికట్టంతా గీతలు. అందరూ నిద్రలో పోయిందన్నారు. మా నాన్నగారూ అన్నారు, మా చెల్లెలూ అంది. సరే అన్నాను. నేను నమ్మితే వాళ్ళకి కాస్త ఊరట కదా అని నమ్మినట్టే ఉన్నాను. నాలుగు నెలలైంది. ఇంట్లో అమ్మ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు నిద్రలో పోయిందంటారు. నేను తలూపుతాను. అక్కడితో అయిపోతుంది. ఇంకో మాట మాట్లాడడానికి లేదు. ఆవిడ గురించి మాట్లాడుకోవడానికి నాకు ఒక్క మనిషి లేడు."

పోలినాయుడి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"పొద్దున మిమ్మల్ని అడిగాను" అన్నాడు రాజు. "బయటివాళ్ళు కదా, చెప్తారేమో అనుకున్నాను. మీరూ చెప్పలేదు."

అది నిందలా లేదు. అలసిపోయిన మనిషి దారి తెలియక ఆగినట్టుగా ఉంది. ఆయన చెయ్యి చాపాడు. పోలినాయుడు జేబులోంచి ఐదు ముక్కలూ తీసి ఆ అరచేతిలో పెట్టాడు. రాజు వాటిని వేలితో ఒక్కొక్కటే కదిపి చూశాడు. జేబురుమాలు తీసి, ముక్కలు అందులో పెట్టి ముడివేశాడు.

"ఎంతసేపు కొట్టి ఉంటుందంటారు?" అని అడిగాడు.

గవరయ్య ఆయన పక్కకి వచ్చి, నేల మీద గొంతుకిళ్ళా కూర్చున్నాడు. "తెలీదు బాబూ. కానీ కొట్టింది. మీరొస్తారనే కొట్టింది."

అప్పుడు రాజు ఏడ్చాడు. చప్పుడు లేకుండా, రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. మేస్త్రి ఆయన్ని ఊరుకోమని అనలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు. నాలుగు దాటాక రాజు లేచి మొహం తుడుచుకుని, గవరయ్య రెండు చేతులూ ఒకసారి పట్టుకుని వదిలి, తాను వచ్చిన బండిలో వెళ్ళిపోయాడు. అమ్మకానికి పోయే కారుని మళ్ళీ లారీ మీదికి ఎక్కించి తీసుకువెళ్ళారు.

గురుశిష్యులు కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. గవరయ్య ఆవేళ సబ్బు రుద్దిన చేతుల్నే మళ్ళీ రుద్దుతున్నాడు.

"ఆయన కూలిపోతాడనే కదా గురూగారూ దాచాం" అన్నాడు పోలినాయుడు. ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నట్టుంది.

"నీకు సైగ చేసినప్పుడు నాను ఆయన మొహం చూళ్ళేదు నాయుడూ" అన్నాడు గవరయ్య. "చూడలేకే సైగ చేశాను."

ఆయన కుళాయి కట్టేసి, తడి చేతులు పంచెకి తుడుచుకుని, శిష్యుడి వైపు తిరిగాడు.

"పొద్దుండగానే ఇంటికెళ్ళు. వరాలు కూడా ఈమధ్య నిన్ను ఏటేటి అడగడం మానేసిందో, దారిలో ఒక్కొక్కటీ తలుచుకుంటూ వెళ్ళు."