ఖాళీ లెక్కల పందెం

నరసరావుపేటలో చెప్పుల దుకాణం పైనున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, తాను గెలిచే పరీక్షను తప్ప మరో దాన్ని పరీక్షగా ఒప్పుకోని ఫణీంద్ర అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. తెలివైనవాడే. పని కూడా చకచకా చేసేవాడు. కానీ కంప్యూటర్ భాషల్లో ఏది వేగమైనదన్న మాట వస్తే చాలు, చేతిలో పని వదిలేసి పందేనికి దిగేవాడు. పందెం ఎప్పుడూ ఒకటే. ఒకటి నుంచి పది కోట్ల వరకు ఊరికే లెక్కపెట్టమని రెండు భాషల్లో రెండు చిన్న ప్రోగ్రాములు రాసేవాడు. ఏది ముందు ముగిస్తే అది గెలిచినట్టు. అతనికి ఇష్టమైన భాష లువా. అది సెకను లోపే లెక్క ముగించేది. ఓడినవాళ్ళు ఆఫీసు మొత్తానికీ పునుగులు తెప్పించాలి.

అదే ఆఫీసులో హేమలత పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ఊరి బయటి మిర్చి కోల్డ్ స్టోరేజీకి గేటు చీటీల ప్రోగ్రాం రాసింది ఆవిడే, పెర్ల్ అనే పాత భాషలో. రైతు ట్రాక్టరు గేటు దగ్గర ఆగగానే గుమాస్తా అతని పేరూ ఊరూ కొడతాడు. ఆ సీజనులో వచ్చిన బస్తాల జాబితా అంతా వెతికి, ఆ రైతు సరుకు ఏ గదిలో ఉందో, ఇంకా ఎక్కడ చోటుందో చూసి ప్రోగ్రాం చీటీ ఇస్తుంది. గది నంబరున్న చీటీ చేతికి రానిదే హమాలీలు బస్తా మీద చెయ్యి వెయ్యరు. అది అక్కడి కట్టుబాటు. హేమలత ప్రోగ్రాం తొమ్మిది సీజన్లు ఆ పని చేసింది. చీటీకి రెండు సెకన్లు పట్టేది. ఎవరికీ ఇబ్బంది రాలేదు గనక దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

డిసెంబరులో కోల్డ్ స్టోరేజీవాళ్ళు కొత్త కంప్యూటర్ కొన్నారు. పాత ప్రోగ్రామే పెడదామా, కొత్తది రాద్దామా అని ఆఫీసు యజమాని జగన్నాథం అడిగాడు. ఫణీంద్ర వెంటనే పందెం పెట్టాడు. పది కోట్లు లెక్కపెట్టడానికి పెర్ల్‌కు ఐదు సెకన్లు పట్టింది. లువా ఎప్పటిలాగే సెకను లోపే ముగించింది.

"అక్కా, మీ భాషకు పింఛను వయసు వచ్చింది. ఇక ఇంట్లో కూర్చోబెట్టండి" అన్నాడు ఫణీంద్ర. ఆఫీసంతా నవ్వింది.

గేటు దగ్గర ఎవరూ పది కోట్లు లెక్కపెట్టరనీ, అక్కడ జరిగేది వెతకడమనీ హేమలత చెప్పింది. నిజమైన జాబితాతో పరీక్ష పెట్టమంది. సరేనని ఫణీంద్ర పోయిన ఏటి జాబితా తెచ్చాడు. కానీ అందులోనూ ఏమీ వెతికించలేదు. ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టించాడు, అంతే. ముందు పెర్ల్ నడిపాడు. నాలుగు సెకన్లు. ఆ వెంటనే లువా. ఒక్క సెకను.

హేమలతకు తిరకాసు వెంటనే కనిపించింది. ఒక ఫైలును మొదటిసారి తెరిచినప్పుడు కంప్యూటర్ దాన్ని డిస్కులోంచి తెచ్చుకోవాలి. రెండోసారికి అది మెమరీలో సిద్ధంగా ఉంటుంది. ముందు వచ్చినవాడు బావిలోంచి నీళ్ళు తోడితే, వెనక వచ్చినవాడు ఆ బిందెలోంచి ముంచుకుని, నేనే ముందు తాగానని గొప్పలు చెప్పుకున్నట్టు ఉంది అది.

"వరస మార్చి మళ్ళీ నడుపు" అంది ఆవిడ. "ముందు నీది, తర్వాత నాది. ఆ తర్వాత ఒక రైతు పేరు వెతికించు."

"ఓడిపోయిన టీము అంపైర్ని మార్చమన్నట్టుంది అక్కా."

జగన్నాథానికి అప్పటికే రెండు ఫోన్లు మోగుతున్నాయి. "చాల్లేమ్మా, అంకెలు కనిపిస్తున్నాయిగా" అన్నాడు.

హేమలతకు కోపం వస్తే గొంతు పెరగదు, మాటలు తగ్గిపోతాయి. "ఒక్కసారి వెతికించి చూడండి సార్" అని మాత్రం అంది. ఎవరూ చూడలేదు. కొత్త ప్రోగ్రాం లువాలో రాసే పని ఫణీంద్రకే ఇచ్చారు. ఆ సాయంత్రం పునుగులు ఆవిడ చేతే తెప్పించారు. ఆవిడ వాటిని ముట్టలేదు.

ఫిబ్రవరిలో సీజను మొదలైంది. జాబితా అప్పటికింకా చిన్నది. ఫణీంద్ర ప్రోగ్రాం చిటికెలో చీటీ ఇచ్చేది. ఆ సంగతి అతను రోజూ నలుగురికి చెప్పుకున్నాడు. బస్తాలు వస్తున్నకొద్దీ జాబితా పెరిగింది. నెలాఖరుకు చీటీకి ఏడు సెకన్లయింది. మార్చి మొదటి వారానికి ఇరవై. గుమాస్తా బాజీ రెండుసార్లు ఫోన్ చేసి, చీటీ ఆలస్యమవుతోందని మొత్తుకున్నాడు. ప్రింటరు పాతదైపోయి ఉంటుందనీ, దాన్ని మార్పించమనీ ఫణీంద్ర సలహా ఇచ్చి ఫోన్ పెట్టేశాడు.

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. వాన పడేలోపు కాయ లోపల పెట్టుకోవాలని చుట్టుపక్కల రైతులందరూ ఒక్కసారే బయలుదేరారు. రెండు గంటలకు బాజీ నేరుగా జగన్నాథానికే ఫోన్ చేశాడు. గేటు ముందు డెబ్బై ట్రాక్టర్లున్నాయనీ, ఒక్కో చీటీకి నిమిషంన్నర పడుతోందనీ, జనం తన మీదికి వస్తున్నారనీ చెప్పాడు. జగన్నాథం ఫణీంద్రనూ హేమలతనూ ఆటోలో పంపాడు. దారిలో హేమలత తన బ్యాగులో పాత ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్ ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

వాళ్ళు ఆటో దిగేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. లైను మధ్యలో సాలమ్మ అనే కౌలు రైతు ట్రాక్టరు ఉంది. అరవై బస్తాలు. ఆవిడ ఏడాది కష్టం అంతా అందులోనే ఉంది. ఉన్నవి రెండు పరదా పట్టలు. అవి సగం బస్తాలకే సరిపోయాయి. మిగతావాటి మీద తన దుప్పటి, ఆ పైన కొంగు కప్పి, వాటికి అడ్డంగా నిలబడి తడుస్తోంది.

రైతులు గుమాస్తా గది కిటికీని చేతులతో బాదుతున్నారు. ఈ డబ్బా ఎవడు పెట్టాడో వాణ్ణి పిలవమంటున్నారు. ఫణీంద్ర ముఖం ఎర్రబడింది. తప్పు తన ప్రోగ్రాంది కాదని అందరి ముందూ రుజువు చేయాలనుకున్నాడు. కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి, పది కోట్ల లెక్క మళ్ళీ నడిపాడు.

"చూడండి, పది కోట్లు సెకను లోపే లెక్కపెట్టింది. దీన్ని నెమ్మది అని ఎట్లా అంటారు?" అన్నాడు.

ట్రాక్టరు దిగివచ్చిన సాలమ్మ ఆ తెరను చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పది కోట్లు లెక్కపెట్టమని నిన్నెవరు అడిగారు అబ్బాయ్? నా అరవై బస్తాలు ఎక్కడ దించాలో చెప్పు."

ఫణీంద్ర ల్యాప్‌టాప్ మూశాడు.

హేమలత అతన్ని పక్కకు జరగమని కూడా అనలేదు. భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళి, బాజీ కుర్చీలో కూర్చుంది. పాత ప్రోగ్రాం ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. కోపంతో ఆవిడ వేళ్ళు రెండుసార్లు తప్పు మీటలు నొక్కాయి. ఆ తర్వాత చీటీలు రెండేసి సెకన్లకు ఒకటి చొప్పున బయటికి వచ్చాయి. లైను కదిలింది. హమాలీలు పరిగెత్తారు.

సాలమ్మ వంతు వచ్చింది. చీటీ కూడా వచ్చింది. లోపల సూపర్‌వైజర్ పట్ట కప్పని బస్తాల్లో చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. తడి కాయ లోపల పెడితే పక్క బస్తాలకూ బూజు పడుతుంది. అందుకే తడిసిన సరుకును తీసుకోరు. ముప్పై ఒక్క బస్తాలు వెనక్కి వెళ్ళాయి. ఆవిడలాగే ఇంకా పదకొండు మంది తడిసిన సరుకుతో వెనుదిరిగారు. సాలమ్మ ఎవరినీ తిట్టలేదు. చీటీని నలిపి ఫణీంద్ర ల్యాప్‌టాప్ మీద పెట్టి వెళ్ళింది.

మర్నాడు జగన్నాథం ముందు హేమలత తాను అడిగిన పరీక్ష పెట్టించింది. ఒకే కంప్యూటర్, ఒకే జాబితా, ఒకే రైతు పేరు. వరస మార్చి మార్చి మూడేసి సార్లు. పెర్ల్‌కు ప్రతిసారీ రెండు సెకన్లు, లువాకు ప్రతిసారీ తొంభై. కారణం దొరకడానికి అరగంట కూడా పట్టలేదు. ఫణీంద్ర ప్రోగ్రాం ఒక్కో వరుస చదివినప్పుడల్లా దాన్ని పాత మొత్తానికి అతికించి, ఆ మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి రాసుకునేది. జాబితా పెరిగేకొద్దీ ఆ తిరగరాతకే సమయమంతా పోయేది. అతను ఆ ఒక్క చోటు దిద్దగానే అదీ రెండు సెకన్లకు దిగింది.

"అంటే భాషది తప్పు కాదన్నమాట" అన్నాడు జగన్నాథం ఊపిరి పీల్చుకుని.

"కాదు సార్. ఏ భాషదీ కాదు" అంది హేమలత. "పనికిరాని పరీక్ష పెట్టినవాడిది, అంకెలు కనిపిస్తున్నాయిగా అని దాన్ని ఒప్పుకున్న మీది. డిసెంబరులో ఈ పని చేసి ఉంటే గంట పట్టేది."

జగన్నాథం తల వంచుకున్నాడు. ఫణీంద్ర క్షమించమని అడగబోయాడు. నాకు కాదు, సాలమ్మకు చెప్పుకో అని హేమలత కుర్చీ తిప్పుకుంది.

అతను సాలమ్మ ఊరికి వెళ్ళాడు. ఆవిడ తడిసిన కాయలు కల్లంలో పరిచి ఎండబెడుతోంది. సగం అప్పటికే తెల్లబారి, ధర పలకని తాలుకాయలయ్యాయి. అతను చెప్పబోయింది ఆవిడ వినలేదు. తాలు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు ఏరమని కుప్ప చూపించింది. మూడు రోజులు ఏరాడు. ఘాటుకు కళ్ళు మండాయి, వేళ్ళు వాచాయి. మూడో రోజు సాయంత్రం లెక్క తేలింది. ముప్పై ఒక్క బస్తాల్లో పదమూడు మాత్రమే మిగిలాయి. ఆవిడ మంచినీళ్ళిచ్చింది గానీ, పర్వాలేదులే అని మాత్రం అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

ఏ పనికి వాడబోతున్నామో ఆ పనే చేయించి చూడడం పరీక్ష. గెలవడానికి పెట్టుకున్న పరీక్షలో మనం గెలిచినా, దాని నష్టం ఆ పందెంలో లేనివాళ్ళ మీద పడుతుంది.