సున్నా ఖాతా, అరువు బోర్డు

మండపేటలో తెలివి ఎక్కడుందని అడిగితే తాతబ్బాయి తన ఇంటివైపే వేలు చూపించేవాడు. "మా ఆవిడ నూకాలికి నాకంటే తెలివెక్కువ. మా తమ్ముడు పల్లయ్యకి మా ఇద్దరికంటే ఎక్కువ. మిగిలిందేదో ఊరు పంచుకుంది" అనేవాడు.

ఆ తెలివితోనే ముగ్గురూ ఇడ్లీ కొట్టు పెట్టి, అందరిలాగే "అరువు రేపు" అని బోర్డు కట్టారు. మర్నాడు జనం వచ్చి "రేపన్నారు, వచ్చాం" అన్నారు. మాటంటే మాటే కదా, పెట్టారు. ఆ మర్నాడూ పెట్టారు. ఇంకేముంది! ఏడాది తిరక్కుండా కోర్టుకెళ్ళి, దివాలా తీశామని ఐపీ పెట్టారు. గ్రైండరు వేలంలో పోయి, పాత సామాన్ల పోతురాజు కొట్లో తేలింది.

అప్పుడు దేవుడిలా హాస్టలు వార్డెనుగారు వచ్చారు. "సోమవారం నుంచి పిల్లలకి రోజూ మూడొందల ఇడ్లీలు మీరే వెయ్యండి. అడ్వాన్సు ఎనిమిది వేలు బ్యాంకు ఖాతాలోనే వేస్తాను. సోమవారం ఇడ్లీ రాకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటాను" అన్నారు. ఆ డబ్బుతో గ్రైండరు కొనుక్కుంటే మళ్ళీ బతుకు. లేదంటే ముగ్గురూ కూలికి పోవాల్సిందే.

"ఐపీ పెట్టినోళ్ళకి ఖాతా ఇత్తారాండీ?" అని బ్యాంకులో భయంభయంగా అడిగాడు తాతబ్బాయి.

మేనేజరు సుగుణ మంచి మనిషి. "ఎందుకివ్వం? జీరో బ్యాలెన్సు ఖాతా ఇస్తాం. అప్పు, చెక్కుబుక్కు ఉండవంతే. సున్నాతో మొదలుపెట్టొచ్చు" అంది.

"ఆయ్, సున్నా మా దగ్గర రెడీగా ఉందండి!" అంది నూకాలు గర్వంగా.

"సరే, మీ ఇంటి నంబరున్న రుజువేదైనా పట్టుకురండి."

ఇంటి నంబరు తలుపు మీదుంది. అంతే! పల్లయ్య తలుపు ఊడబీకి నెత్తిన పెట్టుకొచ్చాడు. అది బ్యాంకు గుమ్మంలో పట్టలేదు. "మేడంగారూ, మీ తలుపు కూడా ఊడదీసెయ్యమంటారా?" అన్నాడు. ఆవిడ నుదురు కొట్టుకుని, రేషన్ కార్డు చూసి ఖాతా తెరిచింది.

ఏటీఎం కార్డిస్తూ, "పిన్ను మీరే పెట్టుకోండి. అది ఎవరికీ తెలియకూడదు" అని మరీమరీ చెప్పింది. తాతబ్బాయి బాగా ఆలోచించి, కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుగు మీటలు తడుముకుని నొక్కాడు. "ఇప్పుడు నాక్కూడా తెలీదే" అన్నాడు బయటికొచ్చి. నూకాలు మొగుడి తెలివికి మురిసిపోయింది.

శుక్రవారం అడ్వాన్సు పడింది. మిషను పిన్ను అడిగింది. "మాకే తెలీదమ్మా, నీకేం చెప్తాం?" అని నూకాలు నచ్చజెప్పింది. అది వినలేదు. పల్లయ్య దానికి తలుపు చూపించాడు. చివరికి తలుపు మీద నంబరే మూడుసార్లు నొక్కారు. ఇంకేముంది, కార్డు బందైపోయింది!

మళ్ళీ సుగుణ దగ్గరికి పరుగు. ఆవిడ ఫారం నింపించి, వేలిముద్ర వేయించి, ఎనిమిది వేలూ చేతిలో పెట్టింది. "నేరుగా వెళ్ళి గ్రైండరు కొనుక్కోండి. దారిలో దయచేసి ఆలోచించకండి" అని బతిమాలింది.

ఆలోచించలేదు పాపం. పోతురాజు కొట్టు ముందున్న బోర్డు చదివారంతే. "అరువు రేపు" అని రాసుంది.

"ఓరి నీ! రేపొస్తే డబ్బే అక్కర్లేదు కదరా!" అన్నాడు తాతబ్బాయి. అంతే, వెనక్కి తిరిగి, ఎనిమిది వేలూ మళ్ళీ బ్యాంకులో కట్టేశారు. సుగుణ బల్ల మీద తల వాల్చేసింది.

శనివారం పోతురాజు కొట్టు తెరిచేసరికి తలుపుతో సహా ముగ్గురూ నిలబడి ఉన్నారు. "రేపన్నారు, వచ్చాం" అన్నారు.

పోతురాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. ఇదే మాట చెప్పి తను కొట్టున్నన్నాళ్ళూ వీళ్ళ దగ్గర అరువు ఇడ్లీలు తిన్నాడు. ఒక్కనాడూ వీళ్ళు మొహం మాడ్చలేదు. అడక్కుండానే చట్నీ మళ్ళీ వేసేవారు. అతనికి నిజంగా సిగ్గేసింది.

"పట్టుకుపో తాతబ్బాయీ, నీ ఇడ్లీల బాకీ కింద చెల్లు" అని గ్రైండరు తనే రిక్షా ఎక్కించాడు.

సోమవారం మూడొందల ఇడ్లీలూ వేళకి హాస్టలుకి చేరాయి. కొట్టూ మళ్ళీ తెరిచారు.

"చూశారా! బోర్డుని నమ్మినోళ్ళు చెడిపోరు" అంటూ తాతబ్బాయి మళ్ళీ కట్టడానికి అటక మీంచి పాత బోర్డు దింపాడు. నూకాలు తుడిచి పసుపు కుంకుమ పెట్టింది. పల్లయ్య మాత్రం దానికేసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మనల్ని ఒక్కరోజు తిప్పితేనే కాళ్ళు పీకాయి కదా వదినా. పాపం, జనాన్ని రేపటిదాకా తిప్పడం ఏం న్యాయం?"

నిజమే అనిపించింది ముగ్గురికీ. "రేపు" చెరిపేసి, పెద్ద పెద్ద అక్షరాలతో "ఇవాళే" అని రాశారు.