మంచుకుక్కకు గుబురుతోక ఎలా వచ్చింది

ఒకప్పుడు మంచు నేలమీది కుక్కలకు ఇప్పుడున్నలాంటి తోకలు ఉండేవి కావు. సన్నగా, నున్నగా, నానిపోయిన తాడుముక్కల్లా కిందికి వేలాడుతుండేవి.

చలికాలం వచ్చిందంటే ఆ తోకలతో పెద్ద తంటా. మంచులో ఈడ్చుకుపోయేవి. కొసలు గడ్డకట్టి సలిపేవి. పడుకునేటప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. చూసినప్పుడల్లా తెల్ల కుందేలు కిసుక్కున నవ్వేది.

"ఎందుకర్రా మీకా తోకలు? ఈగలు తోలుకుందామన్నా ఇక్కడ ఈగలే లేవు కదా!" అనేది.

కుక్కలు సిగ్గుపడి తోకలను కాళ్ళ మధ్య దాచుకునేవి.

ఆ నేల ఉత్తరాన, ఎక్కడో చివర ఉంది. అక్కడ చెట్టూ చేమా మొలవవు. చలికాలంలో సముద్రం కూడా గట్టిపడి నేలలా మారిపోతుంది. ఎక్కడికి వెళ్ళాలన్నా మంచుబండే గతి. ఆ బండికి చక్రాలుండవు. రెండు నున్నటి చెక్కలమీద సర్రున జారిపోతుంది. కుక్కలు దాన్ని లాగుతాయి.

సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో కల్లిక్ అనే ఆవిడ ఉండేది. చేపలు పట్టి, చర్మాలు కుట్టి బతికేది. ఆమెకు నౌజా అని ఒక్కతే కూతురు. ఇంకా ఒక బండికి సరిపడా కుక్కలు. అన్నిటికంటే ముందు నడిచే కుక్క పేరు ఆపుట్. ఆపుట్ అంటే వాళ్ళ మాటలో నేలమీద పరుచుకున్న మంచు అని అర్థం. నిజంగానే అది మంచంత తెల్లగా ఉండేది. అప్పటికే దానికి వయసు పైబడింది. నౌజా నడక నేర్చుకున్నది దాని చెవి పట్టుకునే.

ఒక చలికాలం ఆ ఊరి పిల్లలకు పాడు జబ్బు పట్టుకుంది. గొంతు లోపల వాచిపోయేది. మాట వచ్చేది కాదు. పాలు కూడా దిగేవి కావు. ఊపిరి తీస్తుంటే పాత తలుపు తీసినట్టు కిర్రుకిర్రుమని చప్పుడయ్యేది. ముందు ఒకింట్లో పిల్లవాడికి వచ్చింది. తర్వాత పక్కింటి పాపకు. ఆ తర్వాత నౌజాకు.

"అమ్మా, నా గొంతులో ఎవరో కూర్చున్నారే," అంది నౌజా. ఆ తర్వాత ఇక మాట్లాడలేకపోయింది.

కల్లిక్ బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కన్నీళ్ళు రెప్పలమీదే గడ్డకట్టాయి. ఇంటి కప్పుమీద బొంతకాకి ఒకటి కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏడవకమ్మా," అంది కాకి. "దక్షిణాన, చెట్లు మొదలయ్యే చోట ఆనా అని ఒక ముసలమ్మ ఉంది. ఈ జబ్బుకు ఆమె దగ్గర మందుంది. నేను ఎగిరి వెళ్ళి చెప్తాను. కానీ సీసా మోయడం నావల్ల కాదు. అంత దూరం నుంచి దాన్ని ఎవరు తెస్తారు?"

"దారిలో ఊళ్ళున్నాయి. ప్రతి ఊళ్ళో కుక్కలున్నాయి," అంది కల్లిక్. "అందరినీ అడుగు. దారిలో చివరి భాగానికి నేనున్నాను. సముద్రం అవతలి కొండ కింద కాచుకుని ఉంటానని చెప్పు."

కాకి రివ్వున ఎగిరిపోయింది.

కాకి చెప్పింది విని ఆనా వెంటనే మందు కాచింది. గాజుసీసాలో పోసి, తన ఉన్నిశాలువలో చుట్టింది. "ఇది గడ్డకట్టకుండా ఉంటేనే మందు. గడ్డకట్టిందంటే ఇక ఉత్త నీళ్ళే. పదిలం నాయనా," అని మొదటి బండివాడి చేతిలో పెట్టింది.

అంతే. ఒక ఊరి కుక్కలు ఇంకో ఊరి దాకా పరుగెత్తాయి. ఆ ఊరి కుక్కలు ఆ పై ఊరి దాకా పరుగెత్తాయి. సముద్రం ఒడ్డున ఆ పిల్లలు ఎవరో ఆ మనుషుల్లో చాలామందికి తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. సీసా చేతులు మారుతూనే ఉంది, పాదాలు పరుగెడుతూనే ఉన్నాయి.

కొండ కింద కల్లిక్‌కు సీసా ఇచ్చిన మనిషి మీసాలనిండా మంచు పేరుకుని ఉంది.

"తీసుకో అక్కా," అన్నాడు. "ఇంకా గోరువెచ్చగానే ఉంది. మా కుక్కలు ఎక్కడా ఆగలేదు."

కల్లిక్ సీసాను కోటు లోపల, గుండెకు ఆనించి పెట్టుకుంది. "పద తల్లీ!" అంది. ఆపుట్ కదిలింది. వెనక కుక్కలన్నీ కదిలాయి.

ఆ దారి గట్టిపడిన సముద్రం మీదుగా వెళ్తుంది. సగం దూరం వచ్చారో లేదో, పెద్దగాలి ఎదురొచ్చింది.

"ఎక్కడికే ముసలిదానా ఈ పరుగు?" అని హోరెత్తింది.

"పిల్లలకు మందు తీసుకెళ్తున్నాం. కాస్త తప్పుకోవూ?" అంది ఆపుట్.

"తప్పుకోవడం నాకు చేతకాదు. వీచడమే తెలుసు," అంది గాలి. మంచుపొడి లేపి నేలనూ ఆకాశాన్నీ కలిపేసింది. కల్లిక్‌కు తన చెయ్యే తనకు కనిపించలేదు.

ఉన్నట్టుండి ఆపుట్ ఆగిపోయింది.

"పద!" అంది కల్లిక్. ఆపుట్ కదలలేదు. "పదవే, నౌజాకు ఊపిరాడటం లేదు!" అని అరిచింది. ఆపుట్ నాలుగు కాళ్ళూ నిగడదన్ని నిలబడింది.

కల్లిక్‌కు కోపం వచ్చింది. బండి దిగి గబగబా ముందుకు నడిచింది. కాలికింద మంచు పెళ్ళుమంది. నల్లటి నీళ్ళు నోరు తెరిచాయి. ఆమె నడుము దాకా మునిగిపోయింది.

ఆపుట్ ఆమె కోటు కాలరు పళ్ళతో పట్టుకుంది. వెనక కుక్కలన్నీ ఒక్కసారిగా వెనక్కి లాగాయి. కల్లిక్ గట్టి మంచుమీదికి వచ్చి పడింది. సీసా పగల్లేదు. కానీ బట్టలు తడిసి, చూస్తుండగానే చెక్కలా బిగుసుకుపోయాయి.

"నీకు ముందే తెలిసింది కదూ?" అంది కల్లిక్, పళ్ళు టకటకలాడుతుంటే. "నీమీద అరిచాను తల్లీ."

"నువ్వు అమ్మవి. అరుస్తావు," అంది ఆపుట్. "గాలి తగ్గేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదు. మంచు ఎక్కడ పగిలి ఉందో నాకూ కనబడటం లేదు."

కల్లిక్ సీసాను తడిమి చూసింది. చల్లబడిపోతోంది. ఆమె ఒంట్లోనే వెచ్చదనం లేదు, సీసాకు ఏమిస్తుంది?

"నాకివ్వు," అంది ఆపుట్.

మిగతా కుక్కలు కల్లిక్ చుట్టూ ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. ఆపుట్ మంచులో చిన్న గుంట తవ్వుకుని, సీసాను పొట్టకు హత్తుకుని, గుండ్రంగా ముడుచుకుంది. అటు ముందుకాళ్ళు, ఇటు వెనకకాళ్ళు. కానీ రెండింటి మధ్యా ఒక సందు మిగిలింది. ఆ సందులోంచి గాలి ఈలవేస్తూ సీసా మూతిమీదికి దూరుతోంది.

ఆ సందు మూయడానికి దాని దగ్గర ఇంకేముంది? ఆ సన్నటి, నున్నటి, ఎవరికీ పనికిరాని తోకే.

ఆపుట్ తోకను పైకి వంచి, ముందుకు తిప్పి, సీసా మూతిమీద పెట్టింది.

చలి వచ్చి ఆ తోకమీద కూర్చుంది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది చలి.

"ఉంది."

"తియ్యొచ్చు కదా. నేను సీసాను ఒక్కసారి తాకి వెళ్ళిపోతాను. నాకెప్పుడూ వెచ్చనివి తాకాలని ఉంటుంది. నాకు ఎవరిమీదా పగ లేదు."

"తెలుసు," అంది ఆపుట్. "కానీ నువ్వు తాకితే నౌజా మళ్ళీ నా చెవి పట్టుకోదు. నీకు తాకాలని ఉంటే నా తోకను తాకు. ఎంతసేపైనా తాకు. తోకేగా."

చలి ఆ తోకనే తాకుతూ, కదలకుండా అక్కడే కూర్చుంది. తోక మొద్దుబారిపోయింది. ఆపుట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ తోక మాత్రం తియ్యలేదు.

పైనుంచి రాలుతున్న మంచు ఈ మాటలన్నీ విన్నది.

"ఆపుట్," అని పిలిచింది మెల్లగా. "నేలమీద వాలాక నీకూ నాకూ పేరు ఒకటే. కురవకుండా ఉండటం నావల్ల కాదు. కానీ కురిసేది ఎలా కురవాలో నా ఇష్టమే కదా."

అప్పుడు మంచు, గాలి వెంట విసురుగా పడటం మానేసింది. నెమ్మదిగా, దూదిపింజల్లా, ఆపుట్ తోకమీద వాలింది. ఒక్కో పింజ వాలిన చోట ఒక్కో వెంట్రుక మొలిచింది. మెత్తగా, తెల్లగా, ఒత్తుగా. ఒక పొరమీద ఇంకో పొర. చూస్తుండగానే ఆ తాడుముక్కలాంటి తోక గుబురుగా ఉబ్బి, సందును పూర్తిగా మూసేసింది. చలి వేళ్ళు ఎంత లోపలికి పెట్టినా వెంట్రుకలే తగిలాయి.

"బాగుంది," అంది చలి. పెద్దగా బాధపడకుండా పక్కకు జరిగింది.

ఊదీ ఊదీ గాలి అలిసిపోయింది. ఆకాశం తేటపడింది. కొండ అంచున సూర్యుడు తొంగిచూశాడు. ఆపుట్ లేచి, పగుళ్ళ పక్కనుంచి వాసన చూసుకుంటూ, బండిని ఊరికి చేర్చింది.

సీసా ఇంకా గోరువెచ్చగానే ఉంది.

పిల్లలందరికీ మందు పోశారు. ఒక్కొక్కరికీ ఊపిరి దారిలో పడింది. నౌజా కళ్ళు తెరిచి, పక్కనే కూర్చున్న ఆపుట్‌ను చూసింది. బొంగురు గొంతుతో ఆమె అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"అమ్మా, దీని తోకకు ఏమైందే?"

కల్లిక్ నవ్వింది. నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తోక మళ్ళీ కిందికి దిగలేదు. అంతసేపు వంచి పట్టుకున్నందుకు అలాగే వీపుమీదికి వంకర తిరిగి ఉండిపోయింది. ఆపుట్ వెనక కాళ్ళు కూడా బిగుసుకుపోయాయి. ఇక అది బండి లాగలేకపోయింది.

కానీ ఒక అలవాటు మాత్రం దానికి పోలేదు. పడుకున్నప్పుడల్లా గుండ్రంగా ముడుచుకునేది. పొట్ట దగ్గర సీసా పట్టేంత చోటు వదిలి, తోక ముందుకు తెచ్చి కప్పేది.

"ఇంకేం కాస్తున్నావే తల్లీ? పిల్లలంతా బాగానే ఉన్నారుగా," అనేది కల్లిక్.

ఆపుట్ ఒక కన్ను తెరిచి, ఆ ఖాళీ చోటు వైపు చూసేది. చోటు ఊరికే ఎందుకు పోవాలని, తన ముక్కును అక్కడ దూర్చుకునేది. భలే వెచ్చగా ఉండేది! తక్కిన కుక్కలు అది చూసి, తమ తోకలు కూడా అలాగే తిప్పుకోవడం మొదలుపెట్టాయి. వాటి తోకలమీద కూడా మంచు మెత్తగా వాలింది. ఆ తర్వాత పుట్టిన కుక్కపిల్లలన్నీ గుబురుతోకలతోనే పుట్టాయి. కుందేలు నవ్వడం మానేసింది.

మరుసటి ఏడాది చలికాలంలో, సీసా చేతులు మారిన ఊళ్ళన్నీ ఒక మాట అనుకున్నాయి. "మళ్ళీ ఒకసారి ఆ దారంతా పరుగెడదాం. ఈసారి ఎవరికీ జబ్బు లేదు. ఊరికే, సంతోషానికి."

ఆనా ఊరి నుంచి సముద్రం ఒడ్డు దాకా బండ్లన్నీ పందెం కట్టాయి. మొదట వచ్చిన కుక్కలకు కొవ్వు పట్టిన చేపలు పెట్టారు. చివర వచ్చిన కుక్కలకూ పెట్టారు. ఆఖరి బండి చేరేదాకా ఊళ్ళో ఎవరూ ఇంటికి పోలేదు. ఎందుకంటే, దూరం నుంచి వచ్చే బండి కోసం కాచుకోవడం అంటే ఏమిటో ఆ ఊరికి బాగా తెలుసు. నౌజా ఆపుట్‌ను ఉన్నిశాలువలో చుట్టి, దాని తల తన ఒళ్ళో పెట్టుకుని, వచ్చే ప్రతి బండినీ దానికి చూపించింది.

అప్పటినుంచే మంచు నేలమీద ఏటా కుక్కల పరుగుపందెం జరుగుతోంది. అప్పటినుంచే ఆ కుక్కల తోకలు గుబురుగా, వీపుమీదికి వంకర తిరిగి ఉంటాయి. మంచు కురిసేటప్పుడు అవి గుండ్రంగా ముడుచుకుని, ముక్కుమీద తోక కప్పుకుని నిద్రపోతాయి. పైన ఎంత మంచు పడినా, ఆ తోక కింద మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది.