ఓబులేసు ఎనిమిదో నంబరు బూట్లు

"కాలు చూపించమంటే చూపించవు. బూటు చినిగిందని మాత్రం తెచ్చి నా మొకాన పెడతావు," అన్నాడు గఫూరు.

"నా కాలు చూసేదానికి నువ్వేమన్నా డాక్టరువా? బూటు చూడు," అన్నాడు ఓబులేసు.

ఈ మాటలు ఇద్దరికీ కొత్త కాదు. మూడేండ్లుగా గఫూరు బూట్లంగట్లో ఇదే తగువు. ఓబులేసు కరెంటాఫీసులో గుమాస్తా. పొద్దునపూట టెన్నిసు ఆడతాడు. జతగా ఆడేది ఈ గఫూరే. ఇద్దరూ ఒక పక్కన నిలబడితే ఊర్లో వాళ్లను గెలిచినోళ్లు తక్కువ. అదంతా తగువు ముదరకముందు.

ఓబులేసుకు ఏ బూటూ అచ్చిరాదు. కొత్తవి వేసుకున్న వారానికే చిటికెనేలు బొబ్బ కడుతుంది. నాలుగు దినాలు గట్టిగా ఆడితే ఆ వేలి కాడే బూటు నోరు తెరుస్తుంది. చవకవి కొన్నాడు, ఖరీదైనవి కొన్నాడు, గఫూరు మద్రాసు నుంచి తెప్పించినవీ కొన్నాడు. అన్నీ అదే చోట చినిగినాయి. కింద అడుగు మాత్రం అంగట్లో ఉన్నప్పటి మాదిరే ఉంటుంది.

గఫూరు కాలు కొలిచే పలక తెచ్చినప్పుడల్లా ఓబులేసుకు కోపం. కాలేజీలో కప్పు కొట్టినప్పటి నుంచి తనది ఎనిమిదో నంబరు, తన కాలు తనకు తెలీదా అంటాడు. స్నేహితుడు కదా, ఎందుకు లేని రచ్చ అని గఫూరు ఎనిమిదే ఇస్తాడు. గిన్నె చిన్నదైతే అన్నాన్ని తిట్టే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఈసారి చినిగినవి అరువుకు తీసుకున్నవి. వాటికి పైసా ఇచ్చేది లేదన్నాడు ఓబులేసు. ఇయ్యకపోతే మాట్లాడేది లేదన్నాడు గఫూరు. అంతే, మాటలు ఆగిపోయినాయి.

ఆట ఆగలేదు. కానీ జత ఆట నోరు మూసుకుని ఎట్ల ఆడతారు? ఇద్దరి నడుమకు బంతి వస్తే నాదనో నీదనో ఒకరు అరవాల. పోయిన ఆదివారం ఇద్దరూ మూతి బిగించుకుని నిలబడినారు, బంతి దర్జాగా నడుమ నుంచి పోయింది. ఒకటి కాదు, వచ్చిందల్లా పోయింది. గోడ మీద కూర్చున్నోళ్లు పొట్ట పట్టుకుని నవ్వినారు. వచ్చే ఆదివారం కప్పు ఆట. అదీ ఇట్లనే పోతే వేరే జత చూసుకుంటానని గఫూరు టీ అంగట్లో అందరి ముందర చెప్పినాడు.

ఇరవై ఏండ్ల జత. ఆ మాట విన్న పూట ఓబులేసుకు ముద్ద దిగలేదు. పెండ్లాం అడిగితే పప్పులో ఉప్పెక్కువైందన్నాడు. ఆమెతో ఇంకో తగువు.

బేస్తవారం వచ్చింది. ఓబులేసు లతీఫ్ షా తాత దగ్గరికి పోయినాడు. తాత ఫకీరు. ఊరి బయట ఏటిగట్టున ఆయన తకియా, అంటే రెండు గదులూ ఒక పెద్ద వాకిలీ. ఓబులేసును శిష్యుడిగా అక్కడ చేర్పించింది గఫూరే. అక్కడ పెద్ద చదువేం లేదు. బేస్తవారం ఉత్తకాళ్లతో నీళ్లు మోయాల, ఎర్రమన్నుతో వాకిలి అలకాల. అలికింది ఆరేదాకా దాని మీద కోడి కూడా అడుగు పెట్టకూడదు. పెడితే తాత తిట్టడు. మొత్తం మళ్లీ అలకమంటాడు.

ఓబులేసు కుంటుకుంటా అలికినాడు. అలికినంతసేపూ గఫూరు మీద చాడీలు చెప్పినాడు. నాసిరకం సరుకు అమ్ముతాడన్నాడు, కాలేజీ నాటి నుంచి ఎనిమిదే వేసుకునే తన కాలు కొలుస్తానంటాడన్నాడు, స్నేహానికి విలువ లేదన్నాడు, నలుగురిలో పరువు తీసినాడన్నాడు. తాత అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటా విన్నాడు.

"నువ్వు పిలిచి ఒక మాట చెప్పు తాతా. నీ మాటంటే వాడు వింటాడు."

తాత పొట్టు ఊదినాడు. "దాహంగా ఉందిరా. ఆ మూల కుండలో నీళ్లు తీసుకురా."

కుండ వాకిలికి ఆ పక్కన ఉంది. ఓబులేసు గోడ వెంబడి చుట్టు తిరిగి పోబోయినాడు.

"నేరుగా పో."

"ఇప్పుడే కదా తాతా అలికింది."

"నేరుగానే పో."

పోయినాడు. ఒక్కో అడుగూ పచ్చిమన్నులో దిగుతుంటే నడుం నొప్పి మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టనిపించింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చినాడు. తాత తీరిగ్గా తాగి, గుమ్మం బయట విడిచిన చినిగిన బూట్లు తెమ్మన్నాడు.

"నీ అడుగు మీద పెట్టు."

ఓబులేసు వంగి, మన్నులో పడిన కుడికాలి గుర్తు మీద కుడి బూటు ఆనించినాడు. పొడుగు ఎట్లనో సరిపెట్టుకుంది. అడ్డం సరిపోలేదు. చిటికెనేలి గుర్తు బూటు బయట ఒంటరిగా నిలబడి ఉంది, సరిగ్గా చినిగిన చోటికి పక్కనే. బూటును ఇటు జరిపితే బొటనవేలు బయటికొచ్చింది. ఎడమది పెట్టి చూసినాడు. అదీ అంతే.

"మన్నులో ఉండేది ఎవురి కాలురా?"

"నాదే తాతా."

"ఆ బూటు ఎవురిది?"

ఓబులేసు బూటును తిరగేసి నంబరు చూసినాడు.

"కాలేజీ పిల్లోనిది కదా. వాడు ఎప్పుడన్నా వస్తే ఇద్దువులే. నువ్వు నీకు కొనుక్కో," అన్నాడు తాత.

అని శెనక్కాయల చాట ముందరికి లాక్కున్నాడు. ఓబులేసు బూట్లు తీసి గుమ్మం బయట పెట్టినాడు. తర్వాత తనంతట తానే బక్కెట్టు తెచ్చుకుని వాకిలి మొత్తం మళ్లీ అలికినాడు. నడుమనడుమ ఒక్కడే నవ్వుకున్నాడు.

సాయంత్రం గఫూరు అంగట్లో ఎవరూ లేరు. ఓబులేసు స్టూలు మీద కూర్చుని కాలు ముందరికి చాపినాడు. గఫూరు ఆ కాలును చూసినాడు. గోళ్లలో ఎర్రమన్ను చూసినాడు. తనూ తకియాలో అలికినోడే. లోపలికి పోయి, కొలిచే పలక మీద దుమ్ము తుడిచి తెచ్చినాడు.

తొమ్మిదిన్నర నంబరు. అడ్డం ఎంతో గఫూరు చెప్పలేదు గానీ ఈల వేసినాడు.

ఒక జత వేయించి లేచి నిలబడమన్నాడు, ఎగరమన్నాడు, పక్కపక్కకు దూకమన్నాడు, టీ అంగడి దాకా పరిగెత్తి రమ్మన్నాడు. కరెంటాఫీసాయన పరిగెత్తుకుంటా వస్తుంటే, బిల్లు కట్టని టీ అంగడాయన లోపలికి పోయి దాక్కున్నాడు. ఆ జత మడమ కాడ జారింది. రెండోది ముందర గట్టి రబ్బరు, పక్కన రెండు వరసల కుట్టు. దాంతో పోయొచ్చినాక, ఎవరూ పొమ్మనకుండానే ఓబులేసు ఇంకోసారి పోయొచ్చినాడు.

"ఎట్లుంది?"

"వేసుకున్నట్టే లేదప్పా."

గఫూరు ఖాళీ డబ్బాకు మూత పెడతా, తల ఎత్తకుండా అడిగినాడు. "ఆదివారం నడుమకొచ్చే బంతి ఎవురిది?"

"నీదే. నేను అరిచి చెప్తాలే."

పాత జతవి పన్నెండు వందల యాభై, కొత్తవి పదహారు వందల నలభై. తెలిసీ ఎనిమిది ఇచ్చిన తప్పు తనదీ ఉందని, పాతవాటిలో సగం వదిలేస్తానన్నాడు గఫూరు. ఓబులేసు ఒప్పుకోలేదు.

"అవి కొన్నది ఒక కాలేజీ పిల్లోడు. వాని బాకీ నేను కడతా," అన్నాడు.

ఏ పిల్లోడని గఫూరు అడగలేదు. ఓబులేసు జేబులో నుంచి తీసి, కొత్త బూట్లలో ఐదు వేళ్లూ ఆడించుకుంటా, బల్ల మీద లెక్కపెట్టినాడు. రెండు వేల ఎనిమిది వందల తొంభై రూపాయలు.